గోడ మీది వంకర చెయ్యి

పోయిన వారం మనం సాలమ్మను నల్లగొండ ఠాణా ముందు ఎండలో వదిలి వచ్చాం. మాఘమాసంలో ఒక పొద్దున తుపాకుల వాళ్ళు ఊరిని చుట్టేశారు. వాడలోని మగవాళ్ళనందరినీ చావడి ముందు వరుసగా నిలబెట్టారు. గొంగడి ముసుగేసుకున్న మనిషి ఒకడు ఎవరిని వేలు పెట్టి చూపిస్తే వాళ్ళను తాడుకు కట్టి తోలుకుపోయారు. ఆ తాడులో సాలమ్మ ఒక్కగానొక్క తమ్ముడు ఏసోబు కూడా పోయాడు. ఆ రోజు సాలమ్మ ఊళ్ళో లేదు, మేనత్త చనిపోతే రామన్నపేటకు పోయింది. వచ్చేసరికి తమ్ముడి గుడిసె తడిక వేసి ఉంది.

అప్పటి నుంచి నల్లగొండ పోయి కనుక్కుందామని ఆమె అడగడమూ, ఇయ్యాల కాదు రేపని మొగుడు గురవయ్య దాటవేయడమూ. చివరికి వైశాఖంలో, పటేలు పంపిన ఆముదాలు మండికి తోలుకుపోతూ, ఆమె పోరు పడలేక గురవయ్య బండి ఎక్కించుకున్నాడు. ఠాణాలోకి తానొక్కడే పోయాడు. కాసేపటికి బయటికి వచ్చి, ఏసోబు అనేవాడు ఇక్కడ ఎవడూ లేడట, ఇంటికి పోదాం పద అన్నాడు. సాలమ్మ కదల్లేదు. నువ్వు పోయి బండి చూసుకో, నేను నలుగురినీ అడిగి వస్తానని, అతను పిలుస్తున్నా వినకుండా బజారులోకి నడిచింది.

పట్నం తన పనిలో తాను ఉంది. అదే సాలమ్మకు మింగుడు పడలేదు. ఊళ్ళో అయితే ఆ రోజు నుంచి కుక్క మొరిగినా జనం ఉలిక్కిపడుతున్నారు. ఇక్కడ గాజులామె మలారం దించుకుని ఎవరి చేతికో గాజులు ఎక్కిస్తోంది. చా హోటలు ముందు ఝట్కావాళ్ళు గుర్రాలకు గడ్డి వేసి సాసర్లలో చాయ ఊదుకుంటున్నారు. కంట్రోలు దుకాణం దగ్గర జొన్నల కోసం ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గోడ వారగా కూర్చున్నారు. వాళ్ళలో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గాలి నిండా ఆముదపు చెక్క వాసన.

సాలమ్మ కనిపించిన వాళ్ళనల్లా అడిగింది. కట్టంగూర్ దిక్కు నుంచి తాడుకు కట్టి తెచ్చిన వాళ్ళను చూశారా అని. ఆ మాట వినగానే మనుషుల మొఖాలు తలుపు మూసినట్టు మూసుకుపోయేవి. ఒకడు వినపడనట్టు నటించాడు. ఒకామె, నాకు తెల్వది తల్లీ అంటూనే నాలుగు దిక్కులూ చూసింది. దవాఖాన దగ్గర ముసలాయన ఒకడు మాత్రం కొంచెం జాలిపడి, గట్టిగా అడగకు, అడిగినవాళ్ళను కూడా పట్టుకుపోతున్నారని చెప్పి వెళ్ళిపోయాడు.

అట్లా తిరుగుతూ తిరుగుతూ ఆముదాల గోదాము వెనక సందులోకి వచ్చేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

గోదాము గోడ ఉగాదికి వేసిన సున్నంతో తెల్లగా ఉంది. దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్ర జాజుతోనూ బొగ్గుతోనూ బొమ్మలు. దేవుళ్ళ బొమ్మలు కావు. పెళ్ళిళ్ళకు వేసే చిలకలూ పువ్వులూ కావు. బస్తా మోస్తున్న హమాలీ. బస్తా కింద అతని మొఖం కనిపించదు, నరాలు తేలిన పిక్కలూ పాదాలూ మాత్రమే కనిపిస్తాయి. బిడ్డను వీపుకు కట్టుకుని చేట చెరుగుతున్న తల్లి. ఆ తర్వాత గిన్నెలు పట్టుకుని గోడ వారగా కూర్చున్న ఆడవాళ్ళు. సాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇందాక దుకాణం దగ్గర చూసిన వాళ్ళే. గోడ మీద కూడా వాళ్ళు మాట్లాడుకోవడం లేదు.

బొమ్మల కిందనే మంగలి ఒకడు పీట వేసుకుని కత్తి నూరుకుంటున్నాడు. అతని తల పైన గోడ మీద కూడా మంగలి ఒకడు పీట వేసుకుని కత్తి నూరుకుంటున్నాడు. సాలమ్మ ఒకసారి పైకీ ఒకసారి కిందికీ చూసింది. అతను అది గమనించి, పేరు మారయ్య అని తనే చెప్పుకున్నాడు.

"నేనే. సూడు, నా మెల్లకన్ను గూడ ఇడిసిపెట్టలే," అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వమూ, అంతకంటే ఎక్కువ భయమూ ఉన్నాయి.

ఎవరు గీశారని అడిగింది.

ఎవరో ఎవరికీ తెలియదన్నాడు మారయ్య. ఉగాది దాటినప్పటి నుంచి ఇదే తీరు. తెల్లారి చూస్తే గోడ మీద కొత్త బొమ్మ ఉంటుంది. మొదట్లో జనం పని మానుకుని గుంపులుగా వచ్చి చూశారు. తమ బొమ్మ పడిందేమో అని వెతుక్కున్నారు. ఠాణా అమీన్ సాబ్ కూడా వచ్చి చూసి నవ్వి పోయాడు. తర్వాత వేరే తీరు బొమ్మలు పడడం మొదలయింది. ఆ తీరువి పడితే మాత్రం జవాన్లు సున్నం బకెట్లు పట్టుకుని వస్తారు.

"ఏ తీరువి?"

మారయ్య కత్తి మడిచి పెట్టాడు. చెప్పాలా వద్దా అని ఆమె మొఖం చూశాడు. చివరికి గడ్డంతోనే సందు అవతలి వైపు చూపించాడు.

"ఇయ్యాల పొద్దుగాల ఒకటి పడ్డది. ఇంక తుడువలే. పోతె పో గని, దాని ముందల నిలవడి ఏడ్వకు."

సందు మలుపు తిరిగితే పాడుబడిన గుర్రపు సాల ఒకటి ఉంది. దాని గోడ ముందు చల్లలమ్మే ముసలామె కుండ పెట్టుకుని కూర్చుంది. సాలమ్మ ఆమెను చూడలేదు. గోడనే చూసింది.

తాడుకు కట్టిన మనుషులు. మెడ నుంచి మెడకు ఒకే తాడు. ముందున్న వాళ్ళెవరో ఆమెకు తెలియదు, ఎండకు నల్లబడిన మొఖాలు, ఏ తిరుమలగిరి దిక్కు వాళ్ళో. వెనక వాళ్ళను చూడగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ ఊరి మాదిగ భిక్షం. ఆయన పక్కన ఆయన అల్లుడు. వాళ్ళ వెనక, మిషను బడిలో అలవాటైన పక్కపాపిడితో, బొత్తాములు లేని అంగీతో, ఏసోబు.

గీసినవాడు ఏసోబును ఎన్నాళ్ళ నుంచో ఎరిగినవాడిలా గీశాడు. నవ్వినా నవ్వకపోయినా కొంచెం ముందుకు పొడుచుకు వచ్చే గడ్డం అట్లాగే ఉంది. కానీ మిగతా అందరూ నేల చూపులు చూస్తుంటే ఏసోబు ఒక్కడే తల తిప్పి పక్కకు చూస్తున్నాడు. భయపడ్డవాడి చూపు కాదు. తెలిసినవాడు ఎదురైతే చూసే చూపు.

సాలమ్మ ఆ చూపు వెంటే పోయింది. గోడ కుడి కొసన గొంగడి ముసుగేసుకున్న మనిషి ఉన్నాడు. మొఖం ఉండవలసిన చోట బొగ్గు పామిన నలుపు. గొంగడిలోంచి కుడిచెయ్యి బయటికి వచ్చి ఏసోబును చూపిస్తోంది. ఆ చెయ్యి తిన్నగా లేదు. మోచేయి దగ్గర కొడవలిలాగా వంగి, అరచెయ్యి పైకి తిరిగి ఉంది.

"అన్నీ మంచిగ గీసిండు గని ఆ చెయ్యొక్కటే కరాబు చేసిండు," అంది చల్లలమ్మే ముసలామె, ఎవరితోనో అన్నట్టుగా.

కానీ సాలమ్మకు తెలుసు. చెయ్యి కరాబు కాలేదు. పెళ్ళయిన మరుసటేడు పటేలు బావిలో మోట తోలుతుంటే తాడు తెగి గురవయ్య బావి గట్టు మీద పడ్డాడు. మోచేయి విరిగింది. కట్టు కట్టిన వాడు ఎముక సరిగ్గా కూర్చోబెట్టలేదు. నెల రోజులు ఆమే కలిపి ముద్దలు పెట్టింది. కట్టు విప్పిన రోజు ఆ చెయ్యి ఇట్లాగే వంగి, అరచెయ్యి ఇట్లాగే పైకి తిరిగి ఉంది. ఆ తర్వాత అది ఎన్నడూ తిన్నగా కాలేదు. అన్నం కుండ దించినా, పసిబిడ్డను ఎత్తుకున్నా, దారి అడిగిన వాళ్ళకు దారి చూపించినా అది ఇట్లాగే ఉండేది.

ఆమె అట్లా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. బూట్ల చప్పుడుకు తేరుకుంది. సున్నం బకెట్లు మోసుకుని ఇద్దరు కూలీలు, వాళ్ళ వెనక జవాను ఒకడు సందులోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే అవతలి వైపు నుంచి, సాలమ్మను వెతుక్కుంటూ గురవయ్య వచ్చాడు.

జవానుకు మనిషి కావాలి. ఎదురుగా గురవయ్య దొరికాడు.

"ఏయ్, నువ్వు. గిది పట్టుకో. జల్ది సాఫ్ చెయ్."

గురవయ్య కుంచె పట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి గోడ చూశాడు. సాలమ్మ అతన్నే చూస్తోంది. అతని మొఖంలో నెత్తురంతా ఎవరో పిండేసినట్టు పోవడం చూసింది. అయినా అప్పటికీ ఆమెలో ఎక్కడో ఒక ఆశ మిగిలే ఉంది. లోకంలో వంకర చేతులు ఎన్ని లేవు?

గురవయ్య ఎడమ కొస నుంచి మొదలుపెట్టి ఉంటే ఆ ఆశ మరికాస్త సేపు ఉండేదేమో. కూలీలిద్దరూ ఎడమ నుంచే మొదలుపెట్టారు. గురవయ్య మాత్రం తాడు దాటి, భిక్షాన్ని దాటి, ఏసోబును దాటి, నేరుగా కుడి కొసకు పోయాడు. గొంగడి మనిషి చేతి మీద కుంచె పెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, సున్నం కారి అతని మోచేతి దాకా వచ్చినా అక్కడే పామాడు. గోడ మీది వంకర చేతిని, కింద నిలబడ్డ వంకర చెయ్యి తుడుస్తోంది.

తడి సున్నం కింద బొమ్మ అంత తొందరగా పోదు. ఆరితేనే తెల్లబడుతుంది. ఎంత పామినా ఆ చెయ్యి పలచని తెర వెనక ఉన్నట్టు కనిపిస్తూనే ఉంది.

అక్కడే ఎంతసేపు పెడతావని జవాను కసిరాడు. గురవయ్య పక్కకు జరిగాడు. పక్కన ఉన్నది ఏసోబు. కుంచె ఎత్తాడు కానీ అది గోడకు తగల్లేదు.

సాలమ్మ ముందుకు నడిచి వచ్చి కుంచె లాక్కుంది.

"నీ చేతితోటి వాణ్ని ముట్టకు," అంది, జవానుకు వినపడనంత నెమ్మదిగా.

తమ్ముడి పక్కపాపిడి మీద, ముందుకు పొడుచుకు వచ్చిన గడ్డం మీద, పక్కకు తిరిగిన కళ్ళ మీద ఆమె తన చేత్తోనే సున్నం వేసింది. కుంచె అరిగిపోయి ఉంది. సున్నం అరచేతుల నిండా కారి చురచుర మండింది. ఏడవకూడదని మంగలి చెప్పిన మాట ఆమెకు గుర్తులేదు కానీ, ఏడుపు మాత్రం రాలేదు. గోడ అంతా తడి అయ్యాక జవాను బకెట్లు ఎత్తించి, కూలీలను వెంటబెట్టుకుని ఇంకో వీధికి వెళ్ళిపోయాడు.

సందులో వాళ్ళిద్దరూ మిగిలారు. చల్లలమ్మే ముసలామె కుండ మీద మూత సర్దుకుంటూ తన లోకంలో తాను ఉన్నట్టుంది.

సాలమ్మ కేకలు వేయలేదు. కుంచె ఇంకా చేతిలోనే పట్టుకుని, ఠాణాలో ఎవరిని అడిగావని అడిగింది.

గురవయ్య చేతికంటిన సున్నం పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత ఎవ్వరినీ అడగలేదన్నాడు. లోపలికి పోయి, వరండాలో కాసేపు నిలబడి వచ్చాడట.

"ఎందుకడుగలే?"

"అడిగేదేమున్నది సాలమ్మా. వాడు లేడు. ఆ పొద్దే పోయిండు. కట్టంగూర్ దాటినంక, వాగు కాడ."

సాలమ్మ గోడకు ఆనుకుంది. ఈ మూడు నెలలూ ఆదివారం ఆదివారం ఆమె ప్రార్థనలో తమ్ముడి పేరు చెప్పించింది. వాడు క్షేమంగా ఇల్లు చేరాలని అయ్యగారు అన్నప్పుడల్లా గురవయ్య పక్కనే కూర్చుని ఆమెన్ అన్నాడు. ఇయ్యాల బండి ఎక్కేటప్పుడు, జైల్లో వాడు ఏం తింటున్నాడో అని ఆమె జొన్నరొట్టెలు మూటకడుతుంటే, ఇంకో రెండు ఎక్కువ పెట్టమన్నాడు.

ఒకసారి నోరు తెరిచాక గురవయ్య ఆపలేకపోయాడు. ముందు రోజు తననే పట్టుకుపోయారట. పటేలు కొట్టంలో దూలానికి కట్టేశారట. వాడలో, సర్కారు మీద తిరగబడ్డ సంఘపోళ్ళకు అన్నం పెట్టేది ఎవరో చూపిస్తే మిగతా వాళ్ళను వదిలేస్తామన్నారట, లేదంటే గుడిసెలకు తడికలు బిగించి అంటిస్తామన్నారట. తెల్లారేసరికి అతను ఒప్పుకున్నాడు. గొంగడి వాళ్ళే ఇచ్చారు.

"మొకం దాస్తే అయిపాయె అనుకున్న," అన్నాడు గురవయ్య. "చెయ్యి దాయాల్నని యాదికి రాలే."

"ఏసోబు అన్నం పెట్టెటోడేనా?"

"కాదు. వానికి సంఘంతోని ఏం లేకుండె. వాణ్ని సూపియ్యాల్నని లేకుండె, నీ మీద ఆన. వాని ముందల నుంచి దాటిపోయిన గూడ. దాటినంక, ఎనకకెల్లి, మెల్లగ 'బావా' అన్నడు."

సాలమ్మ అతని నోటి వైపే చూస్తోంది.

"ఇంకేమన్నడు?"

"గంతే. తిట్టలే. బావా అని ఒక్క మాటనె. చెయ్యి జూసి గుర్తువట్టిండు." గురవయ్య గోడ కుడి కొస వైపు చూశాడు. "వాడు బతికుంటే ఊరంతకు ఎర్కైతది గద సాలమ్మా. నీకు ఎర్కైతది గద. నేను మల్ల ఎనకకు మర్లిన."

అతని వంకర చెయ్యి తనంతట తానే, ఎవరినో చూపిస్తున్నట్టు కొంచెం లేచి మళ్ళీ పక్కకు పడింది.

సాలమ్మ అతన్ని కొట్టలేదు, శపించలేదు. వాడలో ఇన్ని ప్రాణాలు పోకూడదని ఒప్పుకున్నాడంటే, ఎన్నాళ్ళకైనా, ఎంత ఏడ్చిన తర్వాతైనా ఆమె దాన్ని ఏదో ఒక తీరుగా మింగి ఉండేదేమో. కానీ బావా అని పిలిచినందుకు. తనను అక్కా అని పిలిచిన నోటితో బావా అని పిలిచినందుకు. ఆమె కుంచెను గోడ పక్కన పెట్టి, బండి కట్టుకురా పో అంది.

గురవయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఆమె తనతో వస్తుందా అని భయంగా అడిగాడు.

"రాక యాడికి పోత," అంది సాలమ్మ.

అతను తలూపాడు. ఎద్దులకు నీళ్ళు పెట్టుకుని వస్తానన్నాడు. పొద్దు పోయేలోగా పానగల్లు చేరితే అక్కడ చెరువు కట్ట మీద బండ్లవాళ్ళతో మజిలీ చేయవచ్చన్నాడు. మొగుడు పెళ్ళాం బజారుకు వచ్చి తిరిగి పోతున్నట్టు, మామూలు మాటలు. మండి వైపు నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి గోడ చూశాడు. ఎండకు ఆ కొస నుంచి సున్నం తెల్లబడడం మొదలయింది.

అతను మలుపు తిరిగాక చల్లలమ్మే ముసలామె లేచి వచ్చింది. సాలమ్మ చేతులు పట్టుకుని, పొక్కులు లేస్తున్న అరచేతుల మీద కుండలోని చల్ల పోసింది. ఎక్కడి దానివని అడగలేదు. తన పేరు పుల్లమ్మ అని, తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చానని చెప్పింది.

"ఆ తాడుల ముందలున్నోడు నా చిన్న కొడుకు," అంది. "ఈడ చల్ల అమ్ముకొనే పని నాకేమున్నది చెప్పు."

సాలమ్మ చేతులు వెనక్కి తీసుకోబోయింది. పుల్లమ్మ వదల్లేదు. నెమ్మదిగా, చల్ల బేరం చేస్తున్నంత మామూలుగా చెప్పింది. బొమ్మలు గీసేవాడు కూడా ఆ తాడులో వాడేనట, తిరుమలగిరి దిక్కులోనే కట్టి ఆ చావడి ముందుకు తెచ్చినవాడు. పెళ్ళిళ్ళకు ఇళ్ళ గోడలకు జాజుపట్టెలు వేసే ఇంటి మనిషి. వాగు దగ్గర తూటా భుజంలోంచి పోతే తుంగలో పడి బతికాడు. గొంగడి మనిషి ఏ ఊరివాడో, ఏ పేరువాడో అతనికి తెలియదు. చేతిని చూశాడు, వరుసలో ఉన్నవాడొకడు బావా అనడం విన్నాడు, అంతే.

"హమాలీని, మంగలిని, గిన్నెలోళ్ళను ఎందుకు గీస్తడనుకున్నవు? జనం గోడ ముందల ఆగాల్నని. ఆగితె ఆ చెయ్యి సూస్తరు. వాళ్ళు ఎన్నిసార్లు తుడిస్తె గన్నిసార్లు గీసిండు. చెయ్యి వంకర గీసిండని అందరు నవ్విండ్రు బిడ్డా. నవ్వని మనిషి ఎప్పుడొస్తదా అని నేనీడ కూసుంట."

సాలమ్మ ఆమె మొఖం చూసింది. అందులో కోపం లేదు. ఎంతో దూరం నడిచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మనిషి మొఖంలాగా ఉంది.

మండి వైపు నుంచి, సందు మొగలో, బండి చక్రాల చప్పుడు వినిపించింది. ఎద్దులను అదిలిస్తూ గురవయ్య గొంతు కూడా వినిపించింది. పుల్లమ్మ తన కొంగుతో సాలమ్మ అరచేతులు తుడిచింది. ఒకటి తుడిచాక ఇంకొకటి, తొందర లేకుండా. తర్వాత అడిగింది.

"నీ పెనిమిటి గీ రాత్రి యాడ పండుకుంటడు బిడ్డా?"